పాత కారు కొని, బాగుచేయించి, లాభానికి అమ్మడం ఎలా?

రెండు లక్షలకు కొన్న కారుకు నలభై వేలు ఖర్చు పెట్టి మూడు లక్షలకు అమ్మితే అరవై వేలు మిగులుతుందని నోటి లెక్క చెప్పేవారు చాలామంది కనిపిస్తారు. ఆ లెక్కలో పెట్టుబడి మీద వడ్డీ ఉండదు, జీఎస్టీ ఉండదు, మధ్యవర్తి కమీషన్ ఉండదు, కొనేవారు దొరక్క కారు షెడ్డు ముందు ఎండకు ఎండిన రెండు నెలలూ ఉండవు. కొత్తగా ఈ వ్యాపారంలోకి దిగినవారు మొదటి బళ్లలోనే చేతులు కాల్చుకునేది ఎక్కువగా ఇక్కడే. మెకానిక్ పని తెలియకపోయినా మంచి మెకానిక్‌ను వెంట తీసుకెళ్లవచ్చు గాని, లెక్క మాత్రం ఎవరిది వారే వేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నెలకు ఒకటి రెండు కార్లు కొని, బాగుచేయించి, అమ్మాలనుకునే చిన్న వ్యాపారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు అమ్మే ధర, తర్వాత కొనే ధర

కొనే ధరను అమ్మే ధర నుంచి వెనక్కి లెక్కగట్టాలి. మీ ఊళ్లో అదే మోడల్, అదే సంవత్సరం, అదే ఇంధనం, అంతే మంది ఓనర్లు మారిన కారు ఎంతకు చేతులు మారుతున్నదో ముందు తెలుసుకోండి. ప్రకటనల్లో కనిపించేది అడిగే ధర మాత్రమే. బేరం తెగే ధర తెలియాలంటే రెండు మూడు కార్ కన్సల్టెన్సీలకు కొనేవారిలా ఒకసారి, అమ్మేవారిలా మరోసారి ఫోన్ చేసి అడగడమే దారి. ఆ రెండు ధరల మధ్య తేడాయే మీ ఊరి మార్కెట్.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలే, ఊరిని బట్టి మారతాయి. పెట్రోలు వ్యాగన్ఆర్ ఒకటి బాగుచేశాక 3,00,000 రూపాయలకు పోతుందని తేలిందనుకోండి. క్లచ్ సెట్టు కూలితో సహా 8,500, నాలుగు టైర్లు 12,800, సస్పెన్షన్ బుష్‌లూ లింకు రాడ్లూ 4,000, ఆయిల్, ఫిల్టర్లతో సర్వీసు 3,500, రెండు ప్యానెళ్ల డెంటింగ్, పెయింటింగ్ 7,000, లోపల శుభ్రం చేసి పైన పాలిష్ పట్టడానికి 4,000, బ్యాటరీ 4,200. మొత్తం 44,000. బండి విప్పాక బయటపడే పనులకు ఇంకో 6,000 కలిపి 50,000 అనుకోవాలి. పేరు మార్పిడికీ, ఇన్సూరెన్సుకూ, పాత చలాన్లకూ 6,000. కారూ రిపేరూ కలిపి రెండు లక్షల నలభై వేల పెట్టుబడికి నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున రెండు నెలలకు 9,600. మధ్యవర్తికి 5,000. మీకు మిగలవలసినది 20,000. ఇవన్నీ కలిపితే 90,600.

ఇక్కడితో ఆపి, 2,09,400 వరకు పెట్టి కొనవచ్చని అనుకుంటే పొరపాటు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి పాత కారు అమ్మినప్పుడు కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న మార్జిన్ మీద 18 శాతం పన్ను కట్టాలి. 2025 జనవరి నుంచి చిన్న కార్లు, పెద్ద కార్లు, విద్యుత్ కార్లు అన్నిటికీ ఇదే రేటు. అంతకు ముందు చిన్న కార్లకు 12 శాతమే ఉండేది. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, రిపేరుకు పెట్టిన ఖర్చు ఈ మార్జిన్‌లో తగ్గదు. యాభై వేలు ఖర్చు పెట్టి కారు విలువ పెంచితే, ఆ యాభై వేల మీదా మీరు పన్ను కడుతున్నట్టే. అమ్మే ధరలోనే పన్ను ఇమిడి ఉంటుంది కనుక, పై ఉదాహరణలో మార్జిన్ సుమారు 1,07,000, అందులో పన్ను సుమారు 16,300 అవుతాయి. అంటే ఆ వ్యాగన్ఆర్‌ను 1,93,000 దాటి కొనకూడదు. నోటి లెక్కకూ కాగితం లెక్కకూ ఉన్న తేడా దాదాపు మీ లాభమంతా ఉంటుంది.

కొన్న ధర కంటే తక్కువకు అమ్మితే ఈ పన్ను ఉండదు. సొంతానికి వాడుకున్న కారును అమ్ముకునే వ్యక్తికీ ఇది వర్తించదు. సరుకుల వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే వార్షిక టర్నోవర్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మీ టర్నోవర్‌ను ఎలా లెక్కించాలో, రిపేరు బిల్లుల మీద కట్టిన పన్నును ఎలా చూపాలో మొదటి కారు కొనకముందే ఆడిటరును అడగడం మంచిది. రెండు లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు కనుక, బేరం ఏదైనా సొమ్ము బ్యాంకు ద్వారానే నడవాలి.

ఏ లోపం ఉన్న కారు కొనాలి

లోపం లేని కారులో మనకు పనిలేదు, దాని ధర ఎప్పుడో పూర్తిగా పలికి ఉంటుంది. ధర తగ్గించే లోపాలు రెండు రకాలు. అరిగిపోయిన క్లచ్, నున్నబడిన టైర్లు, చల్లదనం తగ్గిన ఏసీ, గీతలు పడిన బంపర్, చిరిగిన సీటు కవర్లు, గతుకుల్లో టకటకమనే సస్పెన్షన్ వంటివి మొదటి రకం. బండి చూసిన పది నిమిషాల్లో మెకానిక్ వీటి ఖర్చును ఐదు వందలు అటూ ఇటూగా చెప్పగలడు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో కుదుపు, వెలిగి ఆరిపోయే చెక్ ఇంజిన్ లైటు, ఎక్కడో షార్ట్ అవుతున్న వైరింగ్, నీళ్లలో మునిగిన బండి, చాసిస్‌కు తగిలిన దెబ్బ రెండో రకం. వీటి ఖర్చు పని పూర్తయ్యేదాకా ఎవరికీ తెలియదు. కారు కొనుక్కునే మామూలు మనిషి ఈ రెండు రకాలకూ ఒకేలా భయపడి ధర తగ్గిస్తాడు. వ్యాపారి సంపాదన మొదటి రకం లోపానికి జనం పడే భయానికీ, దాని అసలు ఖర్చుకూ మధ్య ఉన్న తేడాలో ఉంటుంది. రెండో రకం జోలికి అనుభవం లేనివారు వెళ్లకూడదు.

మోడళ్ల విషయంలో నా అభిప్రాయం పాతకాలపుదే: వ్యాగన్ఆర్, స్విఫ్ట్, ఆల్టో, గ్రాండ్ ఐ10 వంటి పెట్రోలు బళ్లు. వీటి పార్టులు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి, పనివాళ్లకు కొత్త కాదు, కొనేవారు ఎప్పుడూ ఉంటారు. పాత డీజిల్ స్విఫ్ట్‌కు జిల్లాల్లో ఇప్పటికీ గిరాకీ ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు అమ్మడం మానేసింది కనుక మంచి బండికి మంచి ధరే పలుకుతుంది. అయితే టర్బో గాని ఇంజెక్టర్లు గాని పోతే ఆ లాభం అక్కడే కరిగిపోతుంది. నాలుగైదు లక్షలకే జర్మన్ కారు వస్తోందని ఆశపడేవారికి ఒక మాట: ఆ ధర ఊరికే పడిపోలేదు. వాటిలో కొన్నిటికి ఉండే డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ ఒక్కటి మార్చడానికే లక్షల్లో ఖర్చవుతుంది.

ఎక్కడ, ఎప్పుడు

సొంతానికి వాడుకున్న ఓనరు దగ్గర నేరుగా కొన్న కారులో మిగిలినంత మరెక్కడా మిగలదు. ఉద్యోగం మారి వేరే దేశం వెళ్తున్నవారు, కొత్త కారు బుక్ చేసి డెలివరీ తేదీ దగ్గరపడినవారు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కదలకుండా పడివున్న కారుతో విసిగిపోయినవారు వంద రూపాయల బేరం కంటే నాలుగు రోజుల్లో పని తెమలడమే కావాలనుకుంటారు. వాచ్‌మెన్లు, డ్రైవర్లు, సర్వీసు సెంటర్లలో పనిచేసే కుర్రాళ్లతో పరిచయం ఈ కబురు ముందుగా తెచ్చిపెడుతుంది; కబురు తెచ్చినవారికి వెంటనే ఏదో ఒకటి ముట్టజెప్పాలి.

అప్పు కట్టలేక బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ స్వాధీనం చేసుకున్న బళ్లు వేలంలో వస్తాయి. అక్కడ సరుకు ఉన్నది ఉన్నట్టు అమ్ముతారు. ఇంజిన్ స్టార్టు చేసి చూడనిస్తే అదే గొప్ప, రోడ్డు మీద నడిపి చూసే అవకాశం దాదాపు ఉండదు. తాళం ఒకటే ఉండటం, సి-బుక్ లేకపోవడం, చలాన్లు పేరుకుపోయి ఉండటం మామూలే. ఫైనాన్సర్ ఫారం 36 ద్వారా తన పేర సి-బుక్ తెచ్చుకుని ఇస్తుందా, ఇస్తే ఎన్నాళ్లలో ఇస్తుంది అన్నది పాట పాడకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఢిల్లీ బళ్ల సంగతి వేరు. పాత డీజిల్ కార్లమీద అక్కడున్న ఆంక్షల వల్ల మంచి బళ్లు కూడా చవకగా వస్తాయి, నిజమే. కానీ అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు వేయించేసరికి ఆ చవక చాలావరకు తీరిపోతుంది. పైగా ఇతర రాష్ట్రం బండి అంటే మన కొనుగోలుదారు ముందే నాలుగు అడుగులు వెనక్కి వేస్తాడు.

కాలం సంగతి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ బండి ఇంటికి తెచ్చుకునేవారు తక్కువ కనుక అమ్మేవారు దిగివస్తారు. శ్రావణం, దసరా, ఉగాది ముందు గిరాకీ పెరుగుతుంది. ఖమ్మం, గుంటూరు, వరంగల్ వైపు మిర్చీ పత్తీ డబ్బు చేతికొచ్చే నెలల్లో చిన్న కార్లు త్వరగా కదులుతాయి. కొత్త కార్ల ధరలను కూడా గమనిస్తూ ఉండాలి. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గి, సెస్సు కూడా పోయినప్పుడు, షోరూంలో కొత్త బండి చవకైంది కనుక షెడ్లలో నిలిచి ఉన్న పాత బళ్లన్నీ ఒక్కసారిగా ఖరీదైనవిగా కనిపించాయి. అందుకే ఒకేసారి ఐదారు బళ్లు నిలవ పెట్టడం చిన్న వ్యాపారికి తగదు.

బానెట్ ఎత్తకముందు సి-బుక్

కారు నచ్చాక కాగితాలు చూద్దామనుకునేవారు కాగితాల్లో ఉన్న లోపాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. క్రమం తిరగేయాలి. నంబరు చెప్పగానే ఎంపరివాహన్ యాప్‌లో గాని పరివాహన్ వెబ్‌సైటులో గాని చూసి, ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటి వరకు ఉంది, రిజిస్ట్రేషన్ ఎప్పటికి ముగుస్తుంది అన్నవి తెలుసుకోవచ్చు. ట్రాఫిక్ చలాన్లు విడిగా చూడాలి. దొంగబండి కాదని నిర్ధారించుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సేవ ఉంది. పదిహేనేళ్లు నిండబోతున్న కారైతే రిజిస్ట్రేషన్ పొడిగింపు, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ ఖర్చు కూడా మీ లెక్కలోకే వస్తుంది.

సి-బుక్‌లో ఉన్న చాసిస్ నంబరును కారు మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చాలి. పదిహేడు అక్షరాల ఆ నంబరు మారుతి కార్లకు ఎక్కువగా ఎంఏ3తోనూ, హ్యుందాయ్ కార్లకు ఎంఏఎల్‌తోనూ మొదలవుతుంది. చెక్కిన చోట చుట్టూ రంగు తేడాగా ఉన్నా, గీకిన ఆనవాళ్లు ఉన్నా, అంకెల వరుస వంకరగా ఉన్నా బేరం అక్కడితో ఆపేయండి.

ఫైనాన్స్ తీరిందని నోటిమాట చెబితే సరిపోదు. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 చేతిలో ఉండాలి. సి-బుక్‌లో పేరున్న వ్యక్తి చనిపోయి ఉంటే, వారసులు ఫారం 31 ద్వారా తమ పేరుకు మార్చుకున్నాకే కొనాలి. నలుగురు అన్నదమ్ముల్లో ఒకరి సంతకంతో కొన్న కారు ఎప్పటికీ మీది కాదు. నంబరు చూసి రాష్ట్రాన్ని ఊహించడంలోనూ జాగ్రత్త అవసరం: ఏపీ 09, ఏపీ 28 నంబర్లు విభజనకు ముందు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో రిజిస్టరైన బళ్లవి, వాటి రికార్డులు తెలంగాణలో ఉంటాయి. ట్యాక్సీగా తిరిగి తర్వాత సొంత బండిగా మారిన కార్లను రిజిస్ట్రేషన్ చరిత్రలో పట్టుకోవచ్చు. వాటి మీటరు చెప్పే మాట నమ్మకూడదు.

బాడీ: దెబ్బ తిన్నదా, మునిగిందా

పగటి వెలుగులో, పొడిగా ఉన్న కారును చూడాలి. అప్పుడే కడిగిన కారు మీద నీటి మెరుపు సొట్టలను దాచేస్తుంది. ముందుగా బానెట్, డోర్ల బోల్టులు చూడండి. కంపెనీలో బోల్టు బిగించాక రంగు వేస్తారు కనుక బోల్టు తల మీద రంగు చెక్కుచెదరకుండా ఉండాలి. స్పానర్ పడిన గుర్తు ఉంటే ఆ ప్యానెల్ ఒకసారి ఊడి వచ్చినట్టే. డోర్ల అంచున రబ్బరు బీడింగు లాగి చూస్తే గుండ్రటి స్పాట్ వెల్డింగ్ గుర్తులు సమదూరంలో కనిపించాలి. అవి లేకుండా నున్నగా పుట్టీ పట్టించి ఉంటే, పైకప్పును మోసే పిల్లర్ మీద పని జరిగింది. బానెట్ కింద రెండు పక్కలా ఉండే ఏప్రాన్లు అనే లోపలి రేకులు, ముందున్న చాసిస్ లెగ్స్ అనే దూలాలు ముడతలు పడ్డాయా, కోసి అతికించారా అని టార్చి వేసి చూడాలి. బంపర్, ఫెండర్, డోర్ మారితే అది మొదటి రకం లోపం. పిల్లర్, ఏప్రాన్, చాసిస్ లెగ్ తగిలితే రెండో రకం. పెయింటు మందం కొలిచే చిన్న మీటరు కొని పెట్టుకుంటే వాదన తప్పుతుంది. కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల వరకు ఉంటుంది. మూడు వందలు దాటి చూపితే కింద పుట్టీ ఉంది.

మునిగిన కార్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ చూసిన వరదల తర్వాత సెల్లార్లలో, వీధుల్లో మునిగిన కార్లు ఎన్నో బాగుపడి మళ్లీ రోడ్డెక్కాయి. రిపేరు ఖర్చు ఇన్సూరెన్సు విలువలో 75 శాతం దాటితే కంపెనీ ఆ కారును పూర్తి నష్టంగా లెక్కగట్టి సొమ్ము చెల్లిస్తుంది. శిథిలంగా అమ్ముడైన ఆ బండి శుభ్రపడి ఇంకో జిల్లాలో మార్కెట్లోకి రావచ్చు. ఇలాంటి కారు బయటినుంచి తళతళలాడుతుంది, లోపల సెంటు వాసన గుప్పుమంటుంది. నాలుగు సీటు బెల్టులనూ చివరిదాకా బయటికి లాగండి. పై భాగం శుభ్రంగా ఉండి, ఎప్పుడూ బయటికి రాని చివరి మూర పొడవున అడ్డంగా మట్టి చార కనిపిస్తే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అదే చెబుతుంది. ముందు సీట్లు పూర్తిగా వెనక్కి జరిపి, పట్టాల సందుల్లో వేలు పెట్టి చూడండి. మెత్తటి ఒండ్రు వేలికి అంటుతుంది, పట్టాల బోల్టులకు తుప్పు ఉంటుంది. స్టెప్నీ గుంటలో, కార్పెట్ కింద నురుగు పొరలో, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె కనెక్టర్లలో పచ్చటి చిలుము కోసం వెతకాలి. ఆ చిలుమే అసలు ప్రమాదం: ఇవాళ అన్నీ పనిచేస్తాయి, ఆరు నెలల తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, పవర్ విండో ఆగుతుంది, ఒకరోజు బండి స్టార్టే కాదు. అప్పటికి ఆ కారు మీరు అమ్మినవారి ఇంట్లో ఉంటుంది.

మీటరు సంగతి. మీటరు వెనక్కి తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్‌తో క్షణాల్లో అయ్యే పని. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు ఎంత అరిగాయో చూసి, మీటరులోని అంకెతో పోల్చుకోవాలి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందన్న కారుకు మూడో జత టైర్లు ఎందుకు పడ్డాయో అమ్మేవారు చెప్పలేరు. అధీకృత సర్వీసు సెంటరులో సర్వీసు చరిత్ర తీయిస్తే సందేహం తీరుతుంది. అన్నట్టు, అమ్మకానికి వచ్చిన ప్రతి రెండో కారూ “డాక్టరుగారి కారండీ, హాస్పిటల్‌కీ ఇంటికీ తప్ప తిరగలేదు” అనే వస్తుంది. తెలుగునాట అంతమంది డాక్టర్లు లేరు.

ఇంజిన్, రోడ్డు పరీక్ష

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, స్టార్టింగులో ఉన్న ఇబ్బందిని దాచడానికి ముందే వేడి చేసి ఉంచారేమో అనుమానించి మర్నాడు ఉదయం రండి. స్టార్టు చేశాక పొగ రంగు చూడాలి: నీలం పొగ ఇంజిన్ ఆయిల్ కాలుతున్నదనీ, వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కూలెంట్ లోపలికి పోతున్నదనీ, నల్ల పొగ ఇంధనం సరిగ్గా కాలడం లేదనీ చెబుతాయి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే ఆవిరి దట్టంగా ఎగదన్నితే బ్యాక్ కంప్రెషన్ ఉందని అర్థం. అంటే రింగులు, బోరు పని దగ్గరపడింది. మూత లోపలి వైపు పాలు ఎక్కువైన టీ రంగులో జిగురు ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లూ ఆయిలూ కలిశాయి.

కారు కంప్యూటరులో నమోదైన లోపాలను చదివే ఓబీడీ స్కానర్ చౌకగానే దొరుకుతుంది, ఒకటి దగ్గర ఉంచుకోండి. తప్పుల కోడ్లు లేకపోవడం ఒక్కటే చూడకూడదు. కారులోని స్వీయపరీక్షలు పూర్తికాలేదని స్కానర్ చూపితే, ఎవరో నిన్ననో మొన్ననో కోడ్లు చెరిపేశారనో, బ్యాటరీ తీసి పెట్టారనో అనుకోవాలి. నడిపేటప్పుడు మూడో గేరులో తక్కువ వేగం నుంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ మోత పెరిగి బండి ముందుకు సాగకపోతే క్లచ్ అయిపోయింది. వేగంతోపాటు పెరిగే హోరు వీల్ బేరింగుది. ఏసీ, అన్ని కిటికీలు, వైపర్లు, రెండో తాళం కూడా చూసుకోవాలి. అసలు తాళం లేనిదే స్టార్టు కానివ్వని ఇమ్మొబిలైజర్ ఉన్న కారుకు కొత్త తాళం చేయించాలంటే వేలల్లో అవుతుంది.

ఎంత బాగుచేయాలి

ఇక్కడ ఉత్సాహమే శత్రువు. కొనేవారు చూసేది, తాకేది, వినేది బాగుచేయాలి: సీట్లు, స్టీరింగ్, హెడ్‌లైట్ల పసుపు, ఏసీ చల్లదనం, సస్పెన్షన్ చప్పుడు. ప్రాణానికి సంబంధించిన బ్రేకులు, స్టీరింగ్ కీళ్లు, టైర్లు కొనేవారు అడిగినా అడగకపోయినా బాగుచేయాలి. మిగిలినవాటిలో ప్రతి పనికీ ఒకటే ప్రశ్న: దీనివల్ల అమ్మే ధర ఎంత పెరుగుతుంది? మొత్తం బాడీకి పెయింటు వేయిస్తే చాలామంది దాన్ని యాక్సిడెంట్ బండి అని అనుమానిస్తారు; దెబ్బతిన్న ప్యానెల్‌కు మాత్రమే రంగు కలిపి వేయించి, మిగిలినదానికి రబ్బింగ్, పాలిష్ చేయించడమే మేలు. మ్యూజిక్ సిస్టం, అలాయ్ వీల్స్ పెట్టిన డబ్బు తిరిగి రాదు.

పార్టుల్లో ఏది కొత్తది, ఏది పాతది వాడాలన్నదీ తెలియాలి. డోరు, ఫెండర్, అద్దం, హెడ్‌లైట్, సీట్లు విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల పాతవి మంచివి దొరుకుతాయి. అదే రంగు డోరు దొరికిందంటే పెయింటు ఖర్చు కూడా మిగులుతుంది. బ్రేకు ప్యాడ్లు, క్లచ్, టైమింగ్ బెల్టు, ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టులను మాత్రం పాత సామాను దుకాణంలో కొనకూడదు. మెకానిక్‌తో రోజు కూలికి కాకుండా పనికింత అని మాట్లాడుకుని, విప్పిన పాత పార్టులన్నీ చూపించమనండి. ప్రతి బిల్లూ దాచాలి. ఆడిటరుకూ, కారు కొనడానికి వచ్చినవారికీ అవి చూపించవలసి వస్తుంది.

లైసెన్సు, పేరు మార్పిడి, అప్పగింత

పాత కార్ల వ్యాపారులకు 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో ప్రత్యేక అధ్యాయం అమలులో ఉంది. రవాణా శాఖ నుంచి ఫారం 29బి రూపంలో అధీకృత డీలరు పత్రం తీసుకోవాలి. కారు మీకు అప్పగించినప్పుడు ఓనరు ఫారం 29సి ద్వారా ఆ విషయం తెలియజేస్తే, సి-బుక్‌లో ఓనరు సంఖ్య పెరగకుండానే ఆ కారు బాధ్యత మీదవుతుంది. ఈ పత్రం లేకుండా చట్టబద్ధంగా చేయాలంటే ప్రతి కారునూ మీ పేరుకు మార్చుకోవాలి, అప్పుడు సింగిల్ ఓనరు కారు సెకండ్ ఓనరు కారై అక్కడే ధర తగ్గుతుంది. కొనేవారి పేరు ఖాళీగా ఉంచి సంతకాలు చేసిన ఫారాలతో కారును నలుగురి చేతులు మార్చే పాత అలవాటు ఇంకా పోలేదు గాని, ఆ మధ్యలో యాక్సిడెంట్ అయితే పరిహారం భారం సి-బుక్‌లో పేరున్నవారి మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. డీలరు దగ్గర ఉన్న కారును ట్రయల్, రిపేరు, పెయింటింగ్, తనిఖీ వంటి పనులకు తప్ప రోడ్డు మీద తిప్పకూడదు, ఆ ప్రయాణాలన్నీ ఎలక్ట్రానిక్ రిజిస్టరులో నమోదు కావాలి. బంధువుల పెళ్లికి షెడ్డులోని కారు ఇవ్వడం దీనితో కుదరదు.

అమ్మేటప్పుడు ప్రకటనలో పగటి వెలుగులో తీసిన ఫోటోలు పెట్టి, ఉన్న లోపాలు కూడా రాయండి. మార్చిన ప్యానెల్, మిగిలిపోయిన గీత ముందే చెబితే, చూడటానికి వచ్చినవారి సంఖ్య తగ్గినా కొనడానికి వచ్చినవారే వస్తారు. పైగా మీరు రాసిపెట్టిన లోపం మీద తర్వాత తగాదా రాదు. ట్రయల్‌కు వచ్చినవారి డ్రైవింగ్ లైసెన్సు చూసి, మీరూ పక్కన కూర్చోవాలి. అడ్వాన్సు తీసుకుంటే మొత్తం ధర, మిగతా సొమ్ము గడువు, బేరం తప్పితే ఆ అడ్వాన్సు ఏమవుతుందో కాగితం మీద రాసుకోవాలి.

సొమ్ము ఖాతాలో పడ్డాక పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పూర్తిచేసి, తేదీతోపాటు గంటా నిమిషం రాసిన డెలివరీ నోటు ఇవ్వాలి. ఆ గంట తర్వాత పడిన చలాను ఎవరిదన్న వివాదం దానితో తీరుతుంది. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు కొన్నవారు పద్నాలుగు రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పాత ఓనరుకే చెందుతుంది, కారుతో రాదు కనుక ఆ తేడా సొమ్ము ఎవరు కట్టాలో బేరంలోనే తేల్చుకోవాలి. పాత ఓనరు ఫాస్టాగ్‌ను అదే రోజు మూయించాలి. పేరు మారిందో లేదో నెల తర్వాత పరివాహన్‌లో చూసి, మారకపోతే కొన్నవారికి ఫోన్ చేయండి. ముందుజాగ్రత్తగా బదిలీ ఫీజును మీరే వసూలు చేసి, దరఖాస్తు మీ చేతులమీదుగానే వేయించడం ఇంకా సులువు.